పెరట్లో బూజు దులపడం మానండి, పిట్టలు వాటంతటవే వస్తాయి

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. ఘట్‌కేసర్ వైపు కొత్త ఇంట్లో దిగి నాలుగు నెలలైంది, వెనకాల పన్నెండు అడుగుల జాగా ఉంది, ఆన్‌లైన్‌లో గింజల ఫీడర్ తెప్పించి కట్టారు, తీరా చూస్తే పావురాలు తప్ప ఒక్క పాడే పిట్ట రాలేదు, మీ ఇంట్లో ఆవిడేమో పావురాల రెట్టలు కడగలేక దాన్ని తీసి పారెయ్యమంటున్నారు. ఇంకోపక్క ఏదో బుల్లి పిట్ట రోజూ పొద్దున్నే కారు అద్దాన్ని పొడుస్తోంది, గేటు దగ్గర మనీప్లాంట్‌లో గూడొకటి కనపడింది, మీ పాపకి పిట్టల పేర్లు నేర్పాలనుంది. ఇంతే కదా.

మొదటిదానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పేస్తా, మీ ఆవిడ చెప్పిందే కరెక్టు, ఫీడర్ తీసెయ్యండి.

నేను స్కూల్లో సైన్సు చెప్పి రిటైర్ అయ్యాను, మాది కోనసీమ, హైదరాబాద్‌లో ఇప్పుడున్న ఇంటికొచ్చి ఇరవై ఆరేళ్ళు. మా పెరడు మీ దానికంటే చిన్నది, అందులో ఒక మూల బోరు మోటారు, ఇంకో మూల గ్యాస్ బండలు. అయినా ఈ ఇరవై ఆరేళ్ళలో 41 రకాల పిట్టలు రాసుకున్నా నోట్‌బుక్‌లో (అందులో ఒక అయిదు పైనుంచి ఎగిరి వెళ్ళినవే అనుకోండి, మా ఆయన వాటిని లెక్కలో వెయ్యకూడదంటారు, నేను వేస్తా). ఇన్నేళ్ళలో గింజలు కొని వేసింది చాలా తక్కువ.

సంగతేంటంటే ఈ ఫీడర్ పద్ధతి మంచు పడే దేశాలది. అక్కడ చలికాలం నేలంతా మంచు కప్పేసి పిట్టకి గింజ దొరకదు, పురుగు దొరకదు, అందుకని వాళ్ళు ఇంటి వెనక గింజలు కడితే గుంపులు గుంపులుగా వచ్చి వాలతాయి. మనకి ఆ బాధ లేదు, మన చలికాలంలో పిట్టలకి తిండి బోలెడు, పైగా ఎక్కడెక్కడివో ఇక్కడికే వస్తాయి. ఇంకో ముఖ్యమైన విషయం, మన పెరట్లో పాడే బుల్లి పిట్టల్లో చాలావరకు అసలు గింజలే తినవు. తేనెపిట్టకి తేనె, సాలీళ్ళు, కుట్టుపిట్టకి పురుగులు, నల్లంచికి (రాబిన్ అంటారు) చెదలు, చీమలు, పిగిలిపిట్టకి (బుల్‌బుల్) పళ్ళూ పురుగులూ. గింజలు తినేవి పిచ్చుకలు, జీనువాయిలు (మునియా అంటారు), వాటితోపాటు పావురాలు. మీ ఇంటి చుట్టుపక్కల పావురాలు ఎక్కువున్నాయి కాబట్టి మీరు పెట్టిన బోర్డు వాళ్ళకే కనపడింది అంతే. రాత్రిపూట కింద పడ్డ గింజలకి ఎలకలు కూడా వస్తాయి, ఎలకల వెనకాల ఏమొస్తుందో ఆ ఏరియాలో ఉంటున్న మీకు నేను చెప్పక్కర్లేదు.

పిచ్చుకల కోసం ఏదో ఒకటి కట్టాలని పాప గొడవ చేస్తే వరి కుచ్చు కట్టండి. మా గోదావరి వైపు కొత్త పంట రాగానే కంకులతో కుచ్చు అల్లి వసారాలో దూలానికి కట్టేవాళ్ళు, గుళ్ళో మండపంలో కూడా వేలాడేవి. చిన్నప్పుడు అది అందం కోసం అనుకునేదాన్ని. కానీ చూడండి ఎంత తెలివో, కంకి పట్టుకుని ఊగుతూ గింజ ఒలుచుకోవడం పిచ్చుకకి, జీనువాయికి వచ్చు, లావుపాటి పావురానికి రాదు, కిందనుంచి తల పైకెత్తి చూసి పోతుంది. సంక్రాంతి టైమ్‌లో ఇప్పుడు హైదరాబాద్‌లో కూడా రోడ్డు పక్కన అమ్ముతున్నారు. అయితే మీ వీధిలో అసలు పిచ్చుకలు ఉంటేనే వస్తాయండి, ఒక్కటి కూడా లేనిచోట కుచ్చు కట్టినా చెక్క పెట్టె పెట్టినా అది అలంకారమే.

ఇప్పుడు అసలు విషయం. పెరట్లో పిట్టలు కావాలంటే శుభ్రం తగ్గించాలి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. మీరు పెట్టిన ఫోటోలో పెరడంతా టైల్స్, గోడ పక్కన వరసగా ఆరు కుండీల్లో ఆరెకా పామ్, గోడకి తెల్ల సున్నం, ఒక్క ఎండుటాకు లేదు. మనిషికి బాగుంటుంది, పిట్టకి అది ఖాళీ ప్లేటు. ఎండుటాకులు ఒక మూల పోగు పడనివ్వండి, దాని కింద పురుగులు చేరతాయి, ఆ పురుగుల కోసం నల్లంచి వస్తుంది. గోడ చూరు కింద, మెట్ల కింద, మోటారు గూట్లో బూజు పడితే పడనివ్వండి, ఇంట్లో దులుపుకోండి, బయట వదిలెయ్యండి. ఎందుకో చెప్తా.

తేనెపిట్ట గూడు మీరెప్పుడైనా దగ్గరగా చూశారా? చూసే ఉంటారు, గూడని తెలిసుండదు. బట్టలారేసే తీగకో, నందివర్ధనం కొమ్మకో, వాడని ట్యూబ్‌లైట్ వైరుకో ఒక చెత్త ఉండ వేలాడుతున్నట్టు ఉంటుంది. గడ్డిపరకలు, ఎండు బెరడు ముక్కలు, కాగితం పీలికలు, గొంగళిపురుగుల పెంటికలు కూడా, అన్నీ సాలెగూడు దారంతో అతికించి సంచీలా చేస్తుంది. పక్కన చిన్న కన్నం, ఆ కన్నం మీద వాన పడకుండా చిన్న చూరు. లోపల మెత్తటి దూది. రెండు గుడ్లు. కట్టేదంతా ఆడదే, మగాడు పక్కన తీగ మీద కూచుని హడావిడి చేస్తాడు, పిల్లలు బయటికొచ్చాక మాత్రం తిండి తెచ్చి పెడతాడు. ఆ సాలెగూడు దారం సాగుతుంది, తెగదు, గాలికి గూడు ఊగినా ఏం కాదు. బూజు లేకపోతే తేనెపిట్టకి సిమెంటు లేనట్టే.

ఆ సంగతి తెలియక 2001లోనో 2002లోనో దసరా ముందు మా పనమ్మాయి చేత బూజుకర్రతో వరండా మొత్తం దులిపించా. తీగ మీద ఏదో చెత్త వేలాడుతోందమ్మా అంటే అదీ లాగెయ్ అన్నా. కింద పడ్డాక చూస్తే లోపల మల్లెమొగ్గంత గుడ్డు పగిలి ఉంది. తేనెపిట్ట వచ్చి ఆ తీగ మీద అదే చోట రెక్కలాడిస్తూ గాల్లో నిలబడి వెతికింది, గూడు ఉండాల్సిన చోట. అప్పటినుంచి వరండాకి బూజుకర్ర బంద్. చుట్టాలొచ్చి ఇదేంటి ఇల్లంతా ఇలా ఉంచుకున్నారు టీచర్ గారూ అంటే, అది పిట్టల సామాను అని చెప్తా.

కుట్టుపిట్టకి కూడా అదే సామాను కావాలి. దర్జీపిట్ట అని కూడా అంటారు, పాత పుస్తకాల్లో లిక్కుజిట్ట అని కనపడుతుంది, నాకు ఆ పేరే ఇష్టం. నెత్తిమీద కొంచెం ఇటుక రంగు, వీపు ఆకుపచ్చ, తోక పైకి నిక్కబొడుచుకుని ఉంటుంది, మనిషి బొటనవేలు కంటే కాస్త పెద్దది, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడుతుంది. టువిట్ టువిట్ టువిట్ అని ఆపకుండా. అరిచేటప్పుడు గొంతుకి రెండు పక్కలా నల్ల మచ్చ కనపడి మాయమవుతుంది, ఈకల కింద చర్మం అది.

ఒక ఏడు ఏప్రిల్‌లో మా వంటింటి కిటికీ కింద కుండీలో వంగమొక్క మీద గూడు కట్టింది. కిటికీకి ఆరడుగులు ఉంటుందేమో. నాకు సెలవలు, కాఫీ గ్లాసు పట్టుకుని కర్టెన్ వెనక నిలబడి చూశా. ముందు ఆకు మీద వాలి బరువు చూసుకుంది, ఒక ఆకు, రెండో ఆకు, మూడోది బాగా నచ్చినట్టుంది, వెడల్పుగా కిందకి వంగి ఉన్న ఆకు. దాని రెండు అంచులూ దగ్గరికి లాగాలి కదా, ముక్కుతో అంచు వెంబడి చిన్న చిన్న కన్నాలు పొడిచింది, టక్ టక్ అని కూడా కాదు, మనం కాగితానికి సూది గుచ్చినట్టు. తర్వాత ఎగిరిపోయింది, వచ్చేటప్పటికి ముక్కున బూజు పోగు. దాన్ని కన్నంలో దూర్చి అవతల వైపుకి వెళ్ళి లాగింది, ఇటు చివర ఉబ్బి బొడిపెలా ఆగిపోయింది. ముడి వెయ్యదండి, అందరూ ముడి వేస్తుందంటారు, పోగు చివర ఉబ్బి కన్నంలోంచి జారదు, అంతే. ఒక్కో కుట్టు విడివిడిగా ఉంటుంది, మన చీర ఫాల్ కుట్టినట్టు వరస కుట్టు కాదు. రెండో రోజుకి బూజు అయిపోయిందో ఏమో తులసికోట దగ్గరికి వచ్చింది, అక్కడ నేను వత్తులు చేసి మిగిలిన పత్తి వదిలేశా, దాన్ని పీకి పీకి తీసుకుపోయింది. ఆ సంవత్సరం దాని ఇంటికి నా దీపం పత్తి పడింది. మూడో రోజు సాయంత్రానికి ఆకు సంచీ తయారు, ఆకు పచ్చగానే ఉంది, ఎదురుగా నిలబడి చూసినా గూడని తెలీదు. ఆ సీజన్ అంతా ఆ మొక్కకి వంకాయలు కొయ్యలేదు మేము.

ఇంకో ఏడు ఆగస్టులో ఇదే కుట్టుపిట్ట తనకంటే రెట్టింపున్న పిల్లకి తిండి పెడుతూ కనపడింది, పిల్ల నోరు తెరిస్తే తల్లి తల అందులో పట్టేలా ఉంది. బూడిదరంగు పొట్ట ఉండే చిన్న కోకిల జాతి ఒకటుంది, వానాకాలం కొసలు సాగదీసి ఏడ్చినట్టు కూస్తుంది, అది కుట్టుపిట్ట గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. మామూలు కోకిల కాకి గూట్లో పెడుతుందని అందరికీ తెలుసు కదా, ఇదీ ఆ కుటుంబమే. నాకు కుట్టుపిట్ట మీద జాలేసింది గానీ మధ్యలోకి వెళ్ళలేదు.

మొక్కల విషయానికొస్తే నర్సరీకి వెళ్ళి లిస్టు చదవకండి, వాళ్ళు ఎప్పుడూ విదేశీ ఆకుల మొక్కలే అంటగడతారు. రేక మందారం ఒకటి పెట్టండి, ముద్ద మందారం కాదు, ముద్దదానిలో రేకుల గుబురు వల్ల తేనె అందడం కష్టం. రేకదానిలోనైనా తేనెపిట్ట పెద్దమనిషిలా ముందునుంచి రాదు, పువ్వు మొదట్లో కన్నం పొడిచి వెనకనుంచి తాగేస్తుంది, దొంగ. విచ్చుకోకుండా ముడుచుకునే ఉండే మిరప మందారం ఇంకా ఇష్టం. దానిమ్మ, మునగ, అరటి, మూడింటి పూలకీ తేనెపిట్టలు వస్తాయి, అరటి గెల వేసినప్పుడు ఆ పువ్వు దగ్గర కూచుంటే చాలు. నూరువరహాలు, కనకాంబరం కుండీల్లోనే పెరుగుతాయి. కరివేపాకు చెట్టుని కత్తిరించి పొట్టిగా ఉంచకుండా ఒక్క కొమ్మ పైకి వదిలెయ్యండి, పూసి నల్లటి పళ్ళు కాస్తుంది, పిగిలిపిట్టలు, కోకిలలు కొట్టుకుంటాయి. ఆ గింజలు అవి తిని ఎక్కడెక్కడో వేస్తే మా వీధిలో కరివేపాకు ఎవరూ కొనరు ఇప్పుడు. చోటుంటే సింగపూర్ చెర్రీ అని అమ్మే చెట్టు పెట్టండి, ఏడాదికే నీడ, ఎప్పుడూ చిన్న ఎర్రపళ్ళు, దాని మీద పూలు గీకే బుల్లి పిట్ట (ఫ్లవర్‌పెకర్ అంటారు) వస్తుంది, తేనెపిట్ట కంటే చిన్నది. ఒకటే కండిషన్, రాలిన పళ్ళు టైల్స్ మీద జిగటగా ఉంటాయి, మీ ఆవిడని ముందే ఒప్పించండి.

లాన్ ఉంటే ఒక పక్క కొయ్యకండి, గడ్డి వెన్ను తీసి గింజ పట్టనివ్వండి. జీనువాయిలు గుంపుగా దిగి పరకలు వంచి తింటాయి, వాటికి అదే ఫీడర్. అదే గడ్డి గూడుకి కూడా మోసుకెళ్తాయి. (ఈ జీనువాయిలకే రంగులు పూసి పంజరాల్లో అమ్ముతుంటారు, పాప కోసం అని కొనకండి. మన దేశపు పిట్టల్ని పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, ఆ రంగు కూడా నాలుగు రోజుల్లో ఊడిపోతుంది.)

పురుగుమందు మాత్రం కొట్టొద్దు. మందారానికి తెల్లపురుగు పడితే పైపు పెట్టి గట్టిగా నీళ్ళు కొట్టండి, మరీ ఎక్కువైతే వేపనూనె. తేనె తాగే పిట్ట అయినా, పళ్ళు తినే పిట్ట అయినా, గింజలు తినే పిచ్చుక అయినా పిల్లలకి పెట్టేది ముందు పురుగులే. మా నిమ్మ మొక్క ఆకులన్నీ గొంగళిపురుగులు తినేస్తుంటే మొదట్లో ఏరి పారేసేదాన్ని, ఇప్పుడు వదిలేస్తున్నా, వారంలో పిగిలిపిట్టలు వచ్చి తేల్చేస్తాయి, మళ్ళీ చిగురు వస్తుంది.

నీళ్ళు. గింజల కంటే దీనికే ఎక్కువ పిట్టలు వస్తాయి, ముఖ్యంగా మన ఎండలకి. లోతు గిన్నె వద్దు, మట్టి మూకుడు చాలు, రెండంగుళాల లోపు నీళ్ళు, మధ్యలో ఒక గరుకు రాయి. పిల్లి నక్కడానికి వీల్లేకుండా గుబురు మొక్కకి అయిదారడుగుల దూరంలో పెట్టండి, పైన మాత్రం వాలడానికి ఒక కొమ్మో తీగో ఉండాలి. రోజూ నీళ్ళు మార్చాలి, మార్చలేని వారం బోర్లించెయ్యండి, డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు. పిల్లి సంగతి మాత్రం నాకు ఉపాయం లేదండి, పక్కింటి వాళ్ళ పిల్లి ఒకటి నా నోట్‌బుక్‌లో సగం పేజీ ఖర్చు చేసింది.

తేనెపిట్టలు మూకుడులోకి పెద్దగా దిగవు. వాటి స్నానం చూడాలంటే సాయంత్రం మొక్కలకి పైపు పట్టేటప్పుడు అరటాకు మీద సన్నగా నీళ్ళు చల్లి పక్కకి జరగండి. వచ్చి తడి ఆకు మీద పొట్ట ఆనించి జారతాయి, లేచి మళ్ళీ పైకెళ్ళి జారతాయి, మా మనవడు స్లైడ్ ఎక్కినట్టే. ఒకసారి నేను పైపు పట్టుకుని ఉండగానే మూడడుగుల దూరంలో జారింది, చెయ్యి నొప్పెట్టినా దించలేదు.

తర్వాతది కుర్చీ. నిజంగా కుర్చీయే. ఒకే చోట వేసి ఒకే టైమ్‌కి రోజూ పావుగంట కూచోండి, రంగుల టీషర్ట్ కాకుండా ఏదైనా మాసిన రంగు. మొదటి వారం మీరు పిట్టల్ని చూస్తారు, రెండో వారం అవి మిమ్మల్ని పట్టించుకోవడం మానేస్తాయి, చూడాల్సింది అప్పుడు మొదలవుతుంది. మార్చి నుంచి జూన్ దాకా తెల్లవారుజామున అయిదు నుంచి ఆరున్నర లోపు లేవగలిగితే పెద్ద నల్లంచి పాట దొరుకుతుంది, మాగ్‌పై రాబిన్ అంటారు, నలుపూ తెలుపూ, వాటర్ ట్యాంకు మీదో కేబుల్ డిష్ మీదో ఎత్తున కూచుని పాడుతుంది. ఈల వేసి, ఆగి, అదే ఈలని కొంచెం మార్చి మళ్ళీ వేస్తుంది. చలికాలంలో అదే పిట్ట గొంతు మూసుకుని చప్పుడు లేకుండా కుండీల మధ్య తిరుగుతుంది, పాపం ఏమైందో అనుకోకండి, అప్పుడు పాడాల్సిన పని దానికి లేదు. మీవైపు రాళ్ళ గుట్టలున్నాయి కాబట్టి మామూలు నల్లంచి కూడా గోడ మీద కనపడాలి, నల్లగా ఉండి తోక నిటారుగా ఎత్తితే కింద ఇటుక రంగు కనపడుతుంది.

అక్టోబర్ నుంచి గుబుర్లలోంచి టక్... టక్... అని రెండు గోళీలు తగిలించినట్టు శబ్దం వస్తుంటే వెతకండి. దొరకదు, దొరికినా మట్టిరంగు పిట్ట, మీ పాప ఇదేనా అంటుంది. బ్లైత్స్ రీడ్ వార్‌బ్లర్ దాని పేరు, పన్నెండు గ్రాములు ఉంటుందేమో, పెద్ద చెంచాడు పంచదార బరువు, తూర్పు యూరప్, మధ్య ఆసియా వైపు నుంచి వచ్చి మన గోరింటాకు పొదలో మార్చి ఏప్రిల్ దాకా కాపురం ఉంటుంది. నాకు మొత్తం పెరట్లో దీని మీదే ఎక్కువ ఇష్టం, చెప్తే ఎవరూ ఒప్పుకోరు.

పాపకి పేర్లు నేర్పడం గురించి. మెర్లిన్ అని అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళ యాప్ ఉంది, ఫ్రీ, ఫోన్ పెడితే కూత విని పేరు చెప్తుంది, చాలావరకు కరెక్టే గానీ కళ్ళతో చూశాకే రాసుకోమనండి, ఎందుకంటే ఏట్రింత (డ్రాంగో అంటారు, నల్లగా తోక చీలి ఉండే పిట్ట) లాంటివి వేరే పిట్టల కూతలు అనుకరిస్తాయి, యాప్ బోల్తా పడుతుంది. అదే యాప్‌లో కూత ప్లే చేసి పిట్టని పిలవడం మాత్రం వద్దు, గూళ్ళ సీజన్‌లో అది శత్రువు వచ్చిందనుకుని తిండి మానేసి తిరుగుతుంది. తెలుగు పేర్లు కూడా చెప్పండి పాపకి. 1840ల్లో నెల్లూరులో డాక్టరుగా చేసిన జెర్డన్ అనే ఆయన అక్కడివాళ్ళని అడిగి పిట్టల తెలుగు పేర్లు రాసుకుని తన పుస్తకంలో అచ్చేశాడు, 1862లో మొదలైంది ఆ పుస్తకం, మనం మర్చిపోయిన పేర్లు చాలా అందులో బతికున్నాయి. హైదరాబాద్ రాజ్యంలో పిట్టల సర్వే 1931-32లో సలీం అలీ చేశారు, నిజాం ప్రభుత్వం డబ్బు పెట్టింది. మీరుంటున్న వైపు కూడా అప్పటి ఆ రాజ్యంలోదే అని చెప్తే పిల్లలకి హుషారు వస్తుంది, మా స్కూల్లో ఇది చెప్పే ఖాళీ పీరియడ్లు గడిపేదాన్ని. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పిట్టల లెక్క జరుగుతుంది, కనీసం పావుగంట చూసి ఎన్ని రకాలు, ఎన్నెన్ని అని ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే చాలు, పాపని కూచోబెట్టండి.

తేనెపిట్టల్లో తేడా ఒక్కటి నేర్పండి ముందు, మిగతావి తనే పడుతుంది. మన పెరట్లో రెండు రకాలు. మగవాటిలో ఒకటి నల్లగా ఉండి ఎండ పడితే నీలం ఊదా మెరుస్తుంది, ఇంకోదానికి పొట్ట పసుపు, వీపు మెరూన్. ఆడవి రెండూ ఒకేలా ఉంటాయి కానీ గొంతు చూడండి, గొంతు కూడా పసుపైతే మొదటిదాని పెళ్ళాం, గొంతు తెల్లగా ఉండి ఛాతీ నుంచి పసుపైతే రెండోదానిది.

ఇక మనీప్లాంట్‌లో గూడు. మీరు చెప్పిన గిన్నె ఆకారం, గులాబీ రంగు గుడ్ల మీద ఎర్ర మరకలు, తోక కింద ఎర్రగా నెత్తిమీద నల్ల జుట్టు ఉన్న పిట్ట అంటే అది పిగిలిపిట్టే, బుల్‌బుల్. గుడ్లు పొదగడానికి పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు, పిల్లలు గూట్లో ఉండేది ఇంకో పన్నెండు రోజులు. నెల రోజుల్లోపే అయిపోతుంది. అప్పటిదాకా మనీప్లాంట్ కత్తిరించకండి, గేటు లైటు రాత్రంతా వెయ్యకండి, రోజుకి పదిసార్లు వెళ్ళి తొంగి చూడకండి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందనేది ఉత్తమాట, అసలు ప్రమాదం కాకులు. మీరు ఎక్కడికి మాటిమాటికీ వెళ్తున్నారో కాకి చూస్తూ ఉంటుంది.

ఇంకా ముఖ్యమైనది, పిల్లలు గూడు వదిలే రోజు. అవి ఎగరడం రాకుండానే బయటికి దూకేస్తాయి, తోక ఉండదు, నేల మీద గెంతుతాయి, గూట్లోంచి పడిపోయిందనే అనిపిస్తుంది. 2004 జులైలో మాకిలాగే జరిగింది. వాన పడి వెలిసింది, తులసికోట పక్కన పిల్ల తడిసి కూచునుంది. నేను సైన్సు టీచర్ని, తీసుకెళ్ళి అట్టపెట్టెలో పెట్టి బల్బు వేసి ఇంకు ఫిల్లర్‌తో పాలు పట్టా. పాలు! పిట్ట పాలు తాగే జాతి కాదని క్లాసులో చెప్పేదాన్ని నేనే. బయట గోడ మీద రెండు పిట్టలు చీకటి పడేదాకా అరిచాయి, ఏడుస్తున్నాయనుకున్నా. కిటికీలోంచి సరిగ్గా చూస్తే ఒకదాని ముక్కులో పచ్చ పురుగు ఉంది. పిల్లకి పెట్టడానికి తెచ్చింది, ఆ పురుగు పట్టుకునే గోడ ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతోంది. అప్పుడైనా తీసుకెళ్ళి బయట పెట్టి ఉంటే సరిపోయేది, చీకటి పడుతోంది పొద్దున పెడదాంలే అనుకున్నా. పొద్దుటికి చచ్చిపోయింది.

కాబట్టి మీ గూట్లో పిట్టపిల్లలు దిగినప్పుడు చెయ్యాల్సిందల్లా, నేల మీద ఉంటే ఎత్తి దగ్గర్లో ఉన్న గుబురు కొమ్మ మీద కూచోబెట్టి లోపలికి వచ్చెయ్యండి, కుక్కనీ పిల్లినీ రెండు మూడు రోజులు అటు పోనివ్వకండి. తల్లీ తండ్రీ ఇద్దరూ తెచ్చి పెడతారు. నీళ్ళు కూడా నోట్లో పొయ్యకండి.

కారు అద్దం పొడిచేది మగ తేనెపిట్ట అయ్యుంటుంది. అద్దంలో తన బొమ్మనే ఇంకో మగాడనుకుని తరిమేస్తోంది, అద్దంలోవాడు ఎంతకీ పారిపోడు కదా, రోజంతా అదే పని. దెబ్బ తగిలేంత గట్టిగా పొడవదు కానీ అలిసిపోతుంది, అద్దం కింద డోరు మీద తెల్ల చారలు కూడా మీరు చూసే ఉంటారు. కారు ఆపాక అద్దాలు మడవండి, మడవడం రాకపోతే పాత సాక్స్ తొడగండి, మా ఆయన నా పాత జాకెట్టు చేతులు కత్తిరించి తొడిగారు, కాలనీలో రెండు నెలలు అదే నవ్వులాట. కిటికీ అద్దం మీదైతే బయటివైపు సబ్బు నురగ పూసి ఆరనివ్వండి, బొమ్మ కనపడదు. ఒకటి రెండు నెలల్లో ఆ కోపం దానికే తగ్గిపోతుంది.

మనీప్లాంట్ గూడు ఫోటో ఇంకోటి పెడతానన్నారు కదా, తల్లి లేనప్పుడు, ఫ్లాష్ ఆపి, పదడుగుల అవతల నుంచి జూమ్ చేసి తియ్యండి. పిల్లల కళ్ళు తెరుచుకున్నాయో లేదో కనపడితే దిగడానికి ఇంకా ఎన్ని రోజులుందో చెప్తాను.